పక్కకు జారిన ‘కాదు’

ఒక మనిషికి చదవడం రాదని నేను పదిమందిలో అన్నాను. ఆయనకు చదవడం వచ్చు. ఆ మాట అంటున్నప్పుడు కూడా నాకు ఆ సంగతి తెలుసు. ఇది రాస్తున్నది అందుకే.

ఏలూరు పక్కన వట్లూరులో, చేపల చెరువులకు మందులూ యంత్రాలూ అమ్మే ఒక కంపెనీలో చాలాకాలం పనిచేశాను. మందు డబ్బాతో పాటు ఇచ్చే కాగితాలు, యంత్రం బిగించే పద్ధతి చెప్పే చిన్న పుస్తకాలు తయారుచేయడం నా పని. కొత్తగా పరిచయమైనవాళ్లు ‘ఓహో, టైపింగా అండీ’ అనేవాళ్లు. మా మామగారు మాత్రం పెళ్లిళ్లలో ‘మా అల్లుడుగారు కంపెనీలో రచయితండి’ అని పరిచయం చేసి నన్ను ఇబ్బంది పెట్టేవారు. నేను ఆ రెండూ కాదు. ఇంగ్లీషులో వచ్చిన సంగతిని తెలుగులోకి తెచ్చి, పేజీలో అమర్చి, తాడేపల్లిగూడెంలో ప్రెస్సుకు పంపేవాణ్ణి.

ఆ పనిలో బయటివాళ్ల కంటికి ఆనని భాగం ఒకటుంది. వాక్యం ఎక్కడ విరగాలి అన్నది. వరుస వెడల్పు అయిపోగానే కంప్యూటరు మిగిలిన మాటను తీసుకెళ్లి కింది వరుసలో పడేస్తుంది. దానికి అర్థం తెలియదు, ఖాళీ తెలుసు. రెండు మాటల మధ్య ఖాళీ కనిపిస్తే చాలు, అక్కడ విరిచేస్తుంది. ‘ఐదు లీటర్లు’ అని రాస్తే ఐదు పైన ఉండిపోయి లీటర్లు కిందికి పోతాయి. అలా పోకుండా ఆ రెండు మాటల మధ్య విడిపోని ఖాళీ ఒకటి పెట్టవచ్చు. చూడటానికి మామూలు ఖాళీలాగే ఉంటుంది, కానీ ముడి వేసినట్టు. ఉంటే రెండు మాటలూ పైనే ఉంటాయి, దిగితే కలిసి దిగుతాయి. ఆఫీసులో దాన్ని నేను కొంగుముడి అనేవాణ్ణి. అందరికీ ఆ పేరే అలవాటైంది.

ఇంగ్లీషులో ‘కాదు’ అనే మాట వాక్యం మొదట్లోనే ఎదురుపడుతుంది. మన వాక్యం అలా కాదు. చివరిదాకా ఔనన్నట్టే నడిచి, ఆఖర్న తల అడ్డంగా ఊపుతుంది. అందుకని ‘కాదు, లేదు ఒంటరిగా వరుస మారకూడదు, ముందు మాటతో కొంగుముడి వేయాలి’ అని ఒక నియమం పెట్టుకున్నాం. పెట్టుకున్నాం అనడం కూడా తప్పే. నేనే పెట్టాను. నేనే అచ్చు తీసి గోడకు అంటించాను. కొత్తగా చేరినవాళ్లను ఆ గోడ ముందు నిలబెట్టి చదివించేవాణ్ణి.

చెరువులో పెరిగిపోయిన నాచును చంపే మందు ఒకటి కంపెనీ కొత్తగా తెచ్చింది. నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలో గాలి తగ్గిపోతుంది. కాబట్టి మందు చల్లిన రాత్రి ఏరేటర్లు, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలు, తిరుగుతూనే ఉండాలి. ఆగితే చేపలకు ఊపిరాడదు. ‘మందు చల్లిన రాత్రి ఏరేటర్లు ఆపవద్దు’ అని రాశాను. మేనేజరుగారు చూసి మొహం చిట్లించారు.

“ఏవిటండీ ఇది, పోలీసు బోర్డులా? ఆపవద్దు! మన రైతులు మర్యాదస్తులండి. కాస్త మెత్తగా చెప్పండి.”

“మెత్తగా అంటే ఎలాగండీ?”

“‘ఆపి ఉంచడం మంచిది కాదు’ అనండి. మా అమ్మగారు ఇప్పటికీ నన్ను అలాగే తిడతారండి. ఒక్క గట్టి మాట ఉండదు, రెండు రోజులు అన్నం సయించదు.”

ఇద్దరం నవ్వుకున్నాం. నాకూ ఆ మాటే బాగుందనిపించింది. మా వైపు ఎవరైనా అంతే. పరాయివాడితో ‘వద్దు’ అనడానికి నోరు రాదు. కానీ ‘ఆపవద్దు’ ఒకే మాట, విరగడానికి ఖాళీ లేదు. ‘మంచిది కాదు’ రెండు మాటలు. ఆ రెంటికీ మధ్య నేను ముడి వేశాను కూడా. వేసిన సంగతి నాకు బాగా గుర్తు. అది గుర్తుండటమే ఇప్పుడు బాధ.

కాగితం రెండు నిలువు వరుసలుగా ఉంటుంది. సన్నటి వరుసలు. ముడులు వేసినచోటల్లా రెండేసి మాటలు కలిసి కిందికి దిగిపోవడంతో, మిగిలిన మాటలు వరుస నిండటానికి దూరం దూరం జరిగాయి. ప్రెస్సు ఓనరుగారు పెద్దాయన, నాతో చనువు. ఫోను చేశారు.

“ఏవండీ, ఈసారి కాగితం మీరే చేశారా? ఇంకెవరైనా చేశారా?”

“నేనేనండి. ఏం?”

“పళ్లూడిన నోరులా ఉంటేనూ. మీరు చేసింది గోడ కట్టినట్టుంటుంది కదా, అనుమానమొచ్చిందండి.”

ఆయన సరదాకే అన్నారు. నాకు ఎక్కడో తగిలింది. రెండువైపులా అంచులు నూలు పట్టినట్టు రావడం నాకు పెద్ద గొప్ప. ఎవరి కాగితం చూసినా ముందు అంచులు చూసేవాణ్ణి, తర్వాతే రాత. వెంటనే కూర్చుని, కాగితం మొత్తం మీద ముడులన్నీ ఒక్క ఆదేశంతో మామూలు ఖాళీలుగా మార్చేశాను. మాటలు సర్దుకున్నాయి. అంచులు గోడలా నిలబడ్డాయి. ఒంటరిగా మిగిలిన మాట పక్క వరుసకు జారకుండా ఆపే ఏర్పాటు ఒకటి ప్రోగ్రాములో ఉంటుంది. ఒకే పేజీలో అంతా పట్టాలని దాన్ని కూడా తీసేశాను. ప్రూఫు వచ్చింది. అంచులు చూశాను. చదవలేదు. నేను రాసిందే కదా, చదవడానికేముంది అనుకున్నాను.

అచ్చయిన కాగితంలో ఎడమ వరుస ఆఖర్న ఇలా ఉంది: ‘మందు చల్లిన రాత్రి ఏరేటర్లు ఆపి ఉంచడం మంచిది’. అక్కడితో ఎడమ వరుస అయిపోయింది. కుడి వరుస పైన ఏరేటరు బొమ్మ. బొమ్మ కింద, దాని పేరో మరేదో అన్నట్టు, ఒంటరిగా ‘కాదు.’

మందు అమ్మకానికి వెళ్లాక, వాన చినుకుల రోజుల్లో ఒక ఉదయం కంపెనీకి ఫోను వచ్చింది. మేనేజరుగారు నన్ను కారెక్కించుకున్నారు. పెదపాడు దాటి కొల్లేటి వైపు దిగే దారిలో, చెరువుల మధ్య గట్టు మీద జనం కనిపించారు. కారు దిగకముందే చెరువు కనిపించింది. బొచ్చె, శీలావతి చేపలు వెల్లకిలా తేలి, గాలి నెట్టినవైపు ఒక మూలకు చేరి తెల్లగా ఉన్నాయి. ఏరేటర్లు కదలకుండా ఉన్నాయి.

చెరువు యజమాని దెందులూరు ఆసామి. చెరువు చూసుకునేది కొల్లేటి ఊరి మనిషి. తాతల నాటి నుంచీ సరస్సులో చేపలు పట్టిన కుటుంబం, ఇప్పుడు చెరువుల మీద పని. అప్పటికి నా వయసే ఉంటుంది. ఆయన గట్టు మీది రేకుల గదికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో మా కాగితం. ఊళ్లో శుభలేఖ వచ్చినా, కరెంటు ఆఫీసు నోటీసు వచ్చినా, టానిక్కు సీసా మీద ఏముందో చూడాలన్నా ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లట. యజమాని వెటకారంలోనే ఆ సంగతి నాకు తెలిసింది.

“వచ్చారా అండీ! చూడండి మా ప్లీడరుగారి నిర్వాకం. ఊరందరి కాగితాలూ ఈయనే చదివి పెడతాడండి. మీ కాగితం చదివే ఆపాడంట యంత్రాలు! ఏవయ్యా ప్లీడరూ, చదువు, వారిని కూడా విననీ.”

ఆయన కాగితం విప్పాడు. వేలు పెట్టి చదివాడు. ఎక్కడా తడబడలేదు. నేను రాసిన మాటలు అంత శుభ్రంగా ఎవరైనా చదవగా అంతకుముందు వినలేదు. “మందు చల్లిన రాత్రి ఏరేటర్లు ఆపి ఉంచడం మంచిది,” అని ఆగాడు. వేలు వరుస చివర ఆగింది.

“మేత వేసేటప్పుడు ఆపుతాం కదండీ. మందు కూడా చెదిరిపోకుండా ఆపమన్నారనుకున్నాను,” అన్నాడు.

నాకు అప్పుడే తెలిసిపోయింది. కాగితం చూడనక్కర్లేదు, ఆయన గొంతు ఆగిన చోటు చాలు. ముడి విప్పింది నేను. మేనేజరుగారు నా వైపు తిరిగారు. యజమాని కూడా నా వైపే చూస్తున్నాడు. చెప్పాల్సింది ఒక్క మాట. అచ్చులో పొరపాటు జరిగిందండి. అంతే. ఆ మాట నోటిదాకా వచ్చిందని కూడా అనలేను. రాలేదు. నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

“అక్కడ చుక్క ఉందాండీ?”

ఆయన చూసుకున్నాడు. “లేదండి.”

“చుక్క లేకపోతే వాక్యం అవలేదన్నమాట కదండీ. పక్కకి చూడాలి. బొమ్మ కింద ఏముంది?”

“...కాదు అని ఉందండి.”

“ఇప్పుడు రెండూ కలిపి చదవండి.”

చిన్నపిల్లవాడి చేత చదివించినట్టు చదివించాను. ఆయన మొత్తం చదివాడు. గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కాగితం నుంచి తలెత్తి నాతోనే, మెల్లగా అన్నాడు: “శుభలేఖల్లో చుక్కలుండవు కదండీ. వరస ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతాం.”

“ఓరి నీ, చేపలకి పెళ్లి చేశావేంట్రా!” అన్నాడు వెనకనుంచి ఒకడు. ఇక నవ్వు ఆగలేదు. తేలిన చేపల ముందు నిలబడి అంతమంది నవ్వారు. యజమాని కూడా, అంత నష్టంలోనూ, నవ్వాడు.

అప్పుడు నేను అన్న మాట ఇది. “చదవడం రాకపోతే ఎవర్నయినా అడగాలండి. డబ్బా మీద ఫోను నంబరు ఉంది. మేమే చెబుదుం కదండీ.”

ప్రతి మాటకూ అండీ తగిలించాను. మా గోదావరి వైపు అండీ పెట్టి ఎంత మాటైనా అనేయవచ్చు. విన్నవాళ్లకు నేను మర్యాదస్తుణ్ణి. ఆయన కాగితం మడిచి యజమానికి ఇచ్చేశాడు. ఆ పూటే ఆయన్ని పనిలోంచి తీసేశారు.

కారులో మేనేజరుగారు హైవే ఎక్కాక, “గట్టెక్కించారండి,” అన్నారు. తర్వాత అద్దంలోంచి బయటకు చూస్తూ, “ఆ వాక్యం మార్చేయండి. ‘ఆపవద్దు’ అనే రాసేయండి,” అన్నారు. మార్చాను. గోడౌనులో ఉన్న పాత కాగితాలు తీయించి కొత్తవి పెట్టించాం. ఎందుకని ఎవరూ అడగలేదు. ప్రెస్సు పెద్దాయన మాత్రం, “మళ్లీ వేయిస్తున్నారేంటండీ, బ్రహ్మాండంగా కుదిరింది కదా,” అన్నారు. అంచుల గురించే.

గోడమీది నియమం అలాగే ఉంది. తర్వాత కూడా కొత్తవాళ్లకు చదివించాను. అది ఎలా చేయగలిగానో నాకు అర్థం కాదు. సంవత్సరాలు గడిచాయి. ఇప్పుడు ఆ కంపెనీ మానేసి ఒక కాలేజీలో ల్యాబు పుస్తకాలు తయారుచేస్తున్నాను. ఆ ఉదయం గుర్తొచ్చినప్పుడల్లా, ఆయనకు ఎక్కడో ఇంకో చెరువు మీద పని దొరికే ఉంటుందిలే అనుకునేవాణ్ణి. పని గురించే ఆలోచించాను. పని కాక ఆయనకు పోయింది ఇంకేదైనా ఉంటుందని నాకు తట్టలేదు.

ఈమధ్య ఏలూరు బస్టాండులో నిలబడి ఉండగా కైకలూరు బస్సు వచ్చి ఆగింది. నా ముందు ఒకాయన, జుట్టు నెరిసింది, భుజాన సంచి, పక్కనున్న కాలేజీ అమ్మాయిని అడిగాడు.

“ఇది కైకలూరు వెళ్తదామ్మా?”

ఆ అమ్మాయి ఫోనులోంచి తలెత్తకుండానే, “బోర్డు ఉంది కదా తాతగారూ,” అంది.

“చదువు రాదమ్మా.”

గొంతు గుర్తుపట్టాను. ఆ గొంతు నా వాక్యాన్ని ఒక్క తడబాటు లేకుండా చదివిన గొంతు. బస్సు నుదుటి మీద ‘కైకలూరు’ అని ఎర్రటి అక్షరాలు, కళ్లజోడు లేకపోయినా నాకు కనిపిస్తున్నాయి. ఆయన వాటి వైపు చూడను కూడా చూడలేదు. అమ్మాయి అవునన్నాక ఎక్కాడు. బస్సు కదిలిపోయింది. నేను పలకరించలేదు. చెప్పాల్సిన మాట చెప్పకపోవడం అది రెండోసారి.

వారం తిరగకుండా ఆయన ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. పేరు నాకు తెలియదు. అంత పనిచేసి పేరైనా అడగలేదు. ఊరి వంతెన దగ్గర టీ కొట్టులో, చెరువు, కాగితం, చచ్చిపోయిన చేపలు అని ఆనవాళ్లు చెబితే ఒకాయన వెంటనే, “ఓ, చుక్కగారా!” అన్నాడు.

ఇంకొకాయన సర్దుతున్నట్టు, “తాగుడు మనిషి కాదులెండి. ఎప్పుడూ ముట్టుకోలేదు. ఎందుకొచ్చిందో ఆ పేరు, కొత్తవాళ్లు చుక్కేసుకుంటాడేమో అనుకుంటారు. ఎవరో కంపెనీ ఆయన పెట్టి పోయాడంట,” అన్నాడు.

టీ గ్లాసు సగంలోనే పెట్టేశాను.

ఇంటిముందు ఆయన వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన భార్య గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి గుర్తుపట్టాడో లేదో తెలియలేదు. “కూర్చోండి,” అని మంచం చూపించాడు. నేను ఫలానా అని చెప్పాను. ఆయన చేతిలో వల ఆగింది. మళ్లీ కదిలింది.

చెప్పాను. కొంగుముడి దగ్గర్నుంచి మొదలుపెట్టి, ముడులు ఎందుకు విప్పానో, అంచుల మోజు ఏమిటో, అన్నీ చెప్పాను. అవసరమైన దానికంటే ఎక్కువ చెప్పానని తర్వాత తోచింది. నా పనితనం అందులోనూ చూపించుకుంటున్నానేమో. ఆమె మధ్యలో అడ్డుపడింది.

“అంటే ఈయన సరిగానే చదివాడాండీ?”

“సరిగానే చదివారమ్మా. కాగితమే అలా విరిగింది. నేనే విరిచాను.”

“ఆ ముక్క ఆ రోజు గట్టు మీద అనాల్సింది కదండీ.”

“అవునమ్మా.”

“మరి అన్లేదేం?”

ఆమె జవాబు కోసం చూసి, చూసి, చింతపండు పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆయన వల కుడుతూనే మాట్లాడాడు. “నేను సరిగానే చదివానని నాకు తెలుసండి. కాని ఏం లాభం? తర్వాత ఎవరన్నా కాగితం తెస్తే, చివరిదాకా చూసి, మళ్లీ చూసి, పక్కకి చూసి, వెనక్కి తిప్పి చూసి... చెమటలు పోసేసేవండి. బొమ్మ కింద ఇంకేవన్నా ఉందేమో అని. మా బావమరిది కూతురి పెళ్లి శుభలేఖ తెస్తే, ముహూర్తం చదవమన్నారు. చదవలేకపోయాను. అందరూ నవ్వుతున్నట్టే ఉంది. అప్పట్నుంచి రాదనేస్తున్నాను. రాదంటే ఇంకేం అడగరండి. సుఖం.”

సుఖం అన్నప్పుడు ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

“ఊళ్లోవాళ్లను పిలిచి వాళ్ల ముందు చెబుతానండి,” అన్నాను.

“ఎవర్ని పిలుస్తారండీ? ఆ రోజున్నవాళ్లు ఒకళ్లిక్కడ, ఒకళ్లక్కడ. ఆ ఆసామి చెరువే అమ్మేసుకుని వెళ్లిపోయాడు. మీరు చెబితే, పాపం పెద్దమనిషి జాలిపడి చెబుతున్నాడంటారు.”

లోపలినుంచి ఆవిడ గొంతు వినిపించింది. “అచ్చు కాగితంతో పోయిన మాట అచ్చులోనే రావాలండి! నోటితో ఎందుకూ!”

ఆయన తలవంచుకుని కొంచెం నవ్వాడు. ఆ నవ్వులో కోపం ఉందో లేదో నాకు తెలియదు. “అదేదో రాయండి మరి. నా పేరు మాత్రం వద్దు,” అన్నాడు. మళ్లీ, “‘మంచిది కాదు’ కాదండి. వద్దు,” అన్నాడు.

అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు. అచ్చయ్యాక ఒక ప్రతి పట్టుకెళ్లి ఇస్తాను. ఆయన చదువుతాడో, భార్య చేతికి ఇచ్చి వల పట్టుకుంటాడో చెప్పలేను. చదవమని అడిగే హక్కు నాకు లేదు.

రాయడం మొదలుపెట్టినప్పుడు ముందుగా రాసిన వాక్యం ‘తప్పు ఆయనది కాదు’. రాసి, అలవాటు కొద్దీ, అది ఎక్కడ విరుగుతుందో చూశాను. నా కంప్యూటరులో ‘కాదు’ కింది వరుసకు జారింది. పైన ‘తప్పు ఆయనది’ అని మిగిలింది.

ముడి వేయవచ్చు. కాని ఇది ఏ వెడల్పున అచ్చవుతుందో, ఎవరి ఫోనులో ఎంత సన్నటి వరుసలో చదువుతారో, మధ్యలో అంచుల మోజున్నవాడు ఎవడు తగిలి ముడి విప్పుతాడో నాకు తెలియదు. అందుకని ఆ వాక్యం కొట్టేశాను. ఎక్కడ విరిచినా అర్థం తిరగబడని మాటలు వెతుక్కుని, అవే రాస్తున్నాను.

ఆయనకు చదవడం వచ్చు. తప్పు నాది.